నిరుద్యోగం గురించి చదివితే ఉద్యోగం వస్తుందా?

పలాస దగ్గరి పల్లె నుంచి ఒక తల్లి రాయించిన ఉత్తరం ఇది. ఆవిడ జీడి ఫ్యాక్టరీలో పప్పు ఒలుస్తారు. భర్త చెన్నైలో బిల్డింగు పనులకు వెళ్తారు. పెద్దమ్మాయి ఎకనామిక్స్‌తో బీఏ పూర్తిచేసింది, మార్కులు బాగున్నాయి. ఎంఏ చదివి పేదరికం, నిరుద్యోగం మీద పరిశోధన చేస్తానంటోంది. మేనమామ మాత్రం శ్రీకాకుళంలో ప్రభుత్వోద్యోగాల కోచింగ్‌కి చేర్చమంటున్నాడు. "నిరుద్యోగం గురించి చదివి ఇదే నిరుద్యోగి అయి కూర్చుంటే మా గతేంటండీ?" అని అడిగారు.

అమ్మా, ముందు జవాబు చెప్పేస్తాను. పంపండి. అయితే లెక్కలంటే భయం పోగొట్టుకుని వెళ్లాలి, ఎన్నేళ్లు చదువుతుందో ముందే అనుకుని వెళ్లాలి. ఈ రెంటి సంగతి కిందికి వస్తాను.

మీ తమ్ముడి మాట తీసిపారేసేది కాదు. 2019లో గ్రామ, వార్డు సచివాలయాలకు లక్షకు పైగా పోస్టులు ఒక్కసారే వేశారు. మీ ఊళ్లోనూ ఎవరో ఒకరికి వచ్చే ఉంటుంది, ఆ ఇల్లు నిలబడే ఉంటుంది. కానీ ఆ పోస్టులకు దరఖాస్తులు 20 లక్షలు దాటాయి. రానివాళ్లలో చాలామంది ఇంకో నోటిఫికేషన్ కోసం అద్దె గదుల్లోనే ఉండిపోయారు. అంత పెద్ద నోటిఫికేషన్ ఏటా రాదు కదమ్మా.

ఇది మన దగ్గరే పుట్టిన కష్టం కాదు. 1964లో కెన్యాలో ప్రభుత్వం, యజమానులు, కార్మిక సంఘాలు కూర్చుని పట్టణాల్లో ఉద్యోగాలు పెంచాలని ఒప్పందం చేసుకున్నారు. ఆ కబురు విని పల్లెల నుంచి జనం పట్టణాలకు తరలివచ్చారు, నిరుద్యోగం తగ్గలేదు. హారిస్, టొడారో అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 1970లో దీని వెనక ఉన్న లెక్క చెప్పారు. మనిషి చేతికి వచ్చే జీతాన్ని మాత్రమే చూసి బయల్దేరడు, అది దొరికే అవకాశం ఎంతో కూడా బేరీజు వేసుకుంటాడు. జీతం చాలా పెద్దదైతే, దొరికే అవకాశం కొంచెమే అయినా ఏళ్ల తరబడి క్యూలో నిలబడతాడు. మీ అమ్మాయి చదవాలనుకుంటున్నది ఇదే. అది చదివితే కోచింగ్ గదిలో కూర్చున్న తన స్నేహితురాళ్ల పరిస్థితి ఎందుకిలా ఉందో తెలుస్తుంది.

ఇంకో మాట. చదువుకున్నవాళ్లలోనే నిరుద్యోగం ఎక్కువని సర్వేలు చెప్తున్నాయి. దాంతో 'చదివిస్తే చెడిపోతారు' అనేవాళ్లు తయారయ్యారు. అలా అర్థం చేసుకోకూడదు. మీకు ఖాళీగా కూర్చునే స్తోమత లేదు. ఫ్యాక్టరీ మూసినప్పుడు కూలికి వెళ్తారు, అదీ లేకపోతే ఇంకేదో చేస్తారు. పేదరికం ఉన్నచోట నిరుద్యోగం కాగితం మీద తక్కువగా కనిపించడానికి ఇదో పెద్ద కారణం. ఎంతమందికి పని ఉందో తెలుసుకోవడానికి కేంద్ర గణాంక శాఖ 2017 నుంచి చేస్తున్న పీఎల్‌ఎఫ్‌ఎస్ సర్వేలో ఒక పద్ధతి ప్రకారం ఏడాదిలో 30 రోజులు పనిచేసినా పని ఉన్నట్టే రాస్తారు. వారం లెక్క తీసుకుంటే ఒక్క గంట చేసినా చాలు. ఆ గంటకి చేతికి ఎంతొచ్చింది, చేతులేమయ్యాయి అన్నది ఆ గడిలో పట్టదు.

నేను ఎంఏ చదివే రోజుల్లో పార్వతీపురం వైపు ఒక సర్వేకి వెళ్లాను. వీధరుగు మీద ఒకావిడ అడ్డాకులు ముందేసుకుని ఈనుపుల్లలతో విస్తర్లు కుడుతోంది. ఏం పని చేస్తావమ్మా అంటే, "ఏటుంది బాబూ, కాళీగానే ఉన్నాను" అంది. చేతులు ఆగలేదు. పక్కన అప్పటికే మోకాలెత్తు దొంతర. నేను ఫారంలో 'ఇంటి పనులు' అని రాసుకుని వచ్చేశాను. అది తప్పని నాకు తెలియడానికి రెండేళ్లు పట్టింది. మీ అమ్మాయి అయితే అక్కడే ఇంకో ప్రశ్న అడిగేది. జీడి రసానికి నల్లబడిన వేళ్లతో అన్నం కలిపి పెట్టిన తల్లిని చూస్తూ పెరిగిన పిల్ల అది. 2014 జూన్‌లో చెన్నై మౌలివాక్కంలో కడుతున్న 11 అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. వాళ్లలో మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్లు చాలామంది. భర్తను అక్కడికే పంపుతున్న మీకు ఇది గుర్తుచేయడం నాకు కష్టంగానే ఉంది. కానీ ఆ చెన్నై బస్సు ఎక్కేవాళ్లు ఎందుకు ఎక్కుతారో ఇంట్లోంచే తెలిసినవాళ్లు ఈ చదువులోకి రావాలి. ఇప్పటికి చాలా తక్కువమందే వచ్చారు.

ఇక కూటి సంగతి. ఎంఏలో 55 శాతం మార్కులుంటే, బీసీ, ఎస్సీ, ఎస్టీలకైతే 50 ఉంటే, యూజీసీ నెట్ అనే అర్హత పరీక్ష రాయొచ్చు. అందులో జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వస్తే పీహెచ్‌డీ చేస్తూ నెలకు 37,000 అందుతుంది. చాలా ఇళ్లకు అదే మొదటి నిజమైన జీతం. నెట్ అర్హత ఉంటే లెక్చరర్ పోస్టులకు దారి ఉంటుంది. యూపీఎస్సీ పెట్టే ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ ఉంది, పోస్టులు ఏటా కొన్ని పదులకు మించవు కాబట్టి దానిమీదే ఆశ పెట్టుకోవద్దు. సర్వే సంస్థల్లో, పథకాలు పనిచేస్తున్నాయా లేదా అని పరిశీలించే సంస్థల్లో క్షేత్రస్థాయి ఉద్యోగాలు దొరుకుతాయి. ఉపాధి హామీ 2006లో మొదలైనప్పుడు తొలి 200 జిల్లాల్లో విజయనగరం ఉంది, ఆ తర్వాత శ్రీకాకుళానికి వచ్చింది. మన రాష్ట్రంలో ఆ పనుల మీద సామాజిక తనిఖీ చేసి, మస్టర్లు, అంటే కూలీల హాజరు పట్టీలు, ఊరి ముందు చదివి వినిపించినవాళ్లలో పల్లె పిల్లలే ఎక్కువ. అలాంటి పనికి మీ అమ్మాయి యాస, ఊరు, అనుభవం అన్నీ పనికొస్తాయి.

ఎక్కడ చేర్చాలి? ఎచ్చెర్లలోని అంబేద్కర్ యూనివర్సిటీకైనా, ఆంధ్రా యూనివర్సిటీకైనా ఏపీ పీజీసెట్ ప్రవేశ పరీక్ష రాయించండి. కేంద్ర విశ్వవిద్యాలయాలకు సీయూఈటీ పీజీ అనే ప్రవేశ పరీక్ష వేరుగా రాయాలి. బెంగళూరు అజీమ్ ప్రేమ్‌జీ యూనివర్సిటీలో ఇంటి ఆదాయాన్ని బట్టి ఫీజు, హాస్టల్, భోజనం దాకా సాయం చేస్తారు. దరఖాస్తు తప్పకుండా పెట్టించండి, డబ్బు లేదని ముందే వెనక్కి తగ్గొద్దు.

లెక్కల సంగతి కూడా ఇక్కడే. తనకు ఇంటర్‌లో మ్యాథ్స్ లేదని రాశారు. ఈ ఆరు నెలలు ఇంటర్ మ్యాథ్స్, స్టాటిస్టిక్స్ పుస్తకాలు పట్టుకుని రోజుకు రెండు గంటలు కూర్చోవాలి. కేంద్ర ప్రభుత్వం నడిపే స్వయం పోర్టల్‌లో పాఠాలు ఉచితం. ఇది లేకపోతే ఎంఏ పట్టా వస్తుంది గానీ పని రాదు, నేను మొహమాటం లేకుండా చెప్తున్నాను. ఇంగ్లీషు కూడా రోజుకో పేజీ పైకి చదవాలి. గడువు మూడేళ్లు: ఎంఏ రెండేళ్లు, నెట్‌కి ఇంకో ఏడాది. అప్పటికీ ఏదీ కుదరకపోతే మీ తమ్ముడు చెప్పిన పరీక్షలు ఎటూ పోవు. వాటిలో ఎకనామిక్స్ పేపరు తనకు అప్పటికే వచ్చి ఉంటుంది.

ఈ ఉత్తరం మీ అమ్మాయి చేత రాయించారు కదా. చివర్లో ఒక వాక్యం కొట్టేసి ఉంది. కొట్టేసినా కనిపిస్తోంది: 'నేను కూడా ఫ్యాక్టరీకి వెళ్తానండి.'

తల్లీ, ఇది నీకు. ఈ ఆదివారం మీ అమ్మ పక్కన కూర్చుని గడిచిన ఏడు రోజులూ ఏ రోజు ఎన్ని గంటలు ఏ పని చేసిందో, ఎంత ఇచ్చారో నోట్‌బుక్‌లో రాయి. వంట, నీళ్లు, చెల్లెలి పనులు కూడా రాయి. తర్వాత ఆ కాగితం ఫొటో తీసి, డిగ్రీ మార్కుల మెమోతో కలిపి నాకు పంపు.