జ్వరం లేని అమ్మకు ఫ్లూ మందు ఎందుకు?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. అమ్మకు 68 ఏళ్లు, బరువు 50 కిలోలు. తుంటి ఎముక ఆపరేషన్ అయి భీమవరంలో ఓ ఆసుపత్రిలో ఉంది. అదే వార్డులో ఇద్దరికి ఫ్లూ తేలింది. జ్వరం లేనివాళ్లు కూడా 14 రోజులు ఒసెల్టామివిర్ వాడాలంటున్నారు. అమ్మకు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) 1.3. వాడొచ్చా? తోడుగా ఉన్న నేనూ వాడాలా?

జవాబు: అమ్మగారు వాడాల్సిందేనండి. కాకపోతే డోసు సరిచూసుకోవాలి. ఫ్లూ సోకినవాళ్లు దగ్గు, జ్వరం మొదలవడానికి ఒకరోజు ముందు నుంచే వైరస్‌ను వదులుతుంటారు. కాబట్టి జ్వరం వచ్చినవాళ్లను పక్క గదికి మార్చినంత మాత్రాన సరిపోదు. ఆ వార్డులో మిగిలినవాళ్లంతా ఒకేసారి మందు మొదలుపెడితేనే గొలుసు తెగుతుంది. నాలుగు మంచాలవాళ్లు వేసుకుని ఇద్దరు మానేస్తే ఫలితం తగ్గిపోతుంది.

పెద్దలకు నివారణ డోసు 75 మి.గ్రా. రోజుకొకసారి. మీ అమ్మగారికి ఇది ఎక్కువవుతుంది. 1.3 అంటే పెద్ద తేడా లేదనిపిస్తుంది గానీ, లెక్క వేసి చూడండి: 140లోంచి వయసు 68 తీస్తే 72. దాన్ని బరువు 50తో గుణించి, సూత్రంలో ఎప్పుడూ ఉండే అంకె 72ను (ఇది వేరే 72) క్రియాటినిన్ 1.3తో గుణించగా వచ్చిన దానితో భాగించి, ఆడవారు కాబట్టి 0.85తో గుణిస్తే సుమారు 33. కిడ్నీలు నిమిషానికి ఎన్ని మి.లీ. రక్తాన్ని వడకడుతున్నాయో చెప్పే అంచనా ఇది. ఇది 30–60 మధ్య ఉంటే రోజుకు 30 మి.గ్రా. చాలు. 30 కంటే తగ్గితే రోజు విడిచి రోజు. ఆపరేషన్ తర్వాత క్రియాటినిన్ మారుతుంటుంది, మళ్లీ చూడమని అడగండి. 30 మి.గ్రా. క్యాప్సూల్ విడిగా దొరుకుతుంది. అన్నం తిన్నాక వేస్తే వికారం తక్కువ.

14 రోజులనేది కనీసం. చివరి కేసు మొదలయ్యాక 7 రోజులు గడవాలి. పదకొండో రోజున ఇంకొకరికి జ్వరం వస్తే 18వ రోజు దాకా సాగుతుంది. వార్డు సద్దుమణిగిందని ఐదో రోజునే మానేయడం మామూలుగా జరిగే తప్పు. ముందే డిశ్చార్జ్ అయితే ఎన్నాళ్లు వాడాలో చీటీ మీద రాయించుకోండి.

మధ్యలో అమ్మగారికి జ్వరం, దగ్గు వస్తే అదే ఒక్క క్యాప్సూల్‌తో సరిపెట్టొద్దు. అరకొర డోసుకు వైరస్ మొండికేస్తుంది. వెంటనే చెబితే పరీక్ష చేసి చికిత్స డోసుకు మారుస్తారు. ఆమె కిడ్నీ లెక్కకు అది 30 మి.గ్రా. రోజుకు రెండుసార్లు, 5 రోజులు.

ఇక మీరు. ఆరోగ్యంగా ఉంటే మాస్కు, చేతులు కడుక్కోవడం చాలు. గర్భవతి అయినా, షుగరు, ఆస్తమా ఉన్నా, ఫ్లూ రోగి దగ్గర మసలి 48 గంటలు దాటకముందే డాక్టర్‌ను అడగండి. అక్కర ఉంటే 7 రోజులకు రాస్తారు. ఫ్లూ టీకా ఇప్పుడు వేయించుకున్నా రక్షణ వచ్చేసరికి రెండు వారాలు పడుతుంది, ఈలోగా మందే ఆధారం. బత్తాయిలు పట్టుకుని పరామర్శకు వచ్చే చుట్టాలను మాత్రం నిర్మొహమాటంగా వద్దనండి, ముఖ్యంగా దగ్గుతున్నవాళ్లను.