శ్రావణికి, తోకచుక్క అయాన్ల గురించి

చిరంజీవి శ్రావణికి,

67పీ తోకచుక్క దగ్గరికి వెళ్లిన రోజెట్టా నౌక డేటాతో పీహెచ్‌డీ అని నీ మెసేజ్ చూడగానే ప్రాణం లేచొచ్చిందమ్మా. కణాలను ద్రవ్యరాశిని బట్టి వేరుచేసే స్పెక్ట్రోమీటర్లతోనే బతికినవాణ్ని కాబట్టి నాలుగు మాటలు చెప్పకుండా ఉండలేను.

అప్పుడే అయాన్ల, అంటే చార్జ్ ఉన్న కణాల, జోలికి పోకు. ముందు ఆ తోకచుక్క వదిలిన వాయువు సంగతి చూడు. ఎప్పుడు ఎంత నీటి ఆవిరి వచ్చిందో తెలియకపోతే అయాన్ల లెక్క తేలదు. సూర్యుడి అతినీలలోహిత కాంతి తగిలితే నీటి అణువులోంచి ఒక ఎలక్ట్రాన్ ఊడిపోతుంది. అలా పుట్టిన నీటి అయాన్ ఇంకో నీటి అణువుకు తగిలితే హైడ్రోనియం, అంటే ఒక ప్రోటాన్ అదనంగా ఉన్న నీటి అణువు, పుడుతుంది. చుట్టుపక్కల కాస్త అమ్మోనియా ఉందా, హైడ్రోనియం నుంచి ప్రోటాన్‌ను లాగేసుకుని అమ్మోనియం అయిపోతుంది. ప్రోటాన్ మీద అమ్మోనియాకు నీటికన్నా ఆశ ఎక్కువ. వాయువు పలచగా ఉంటే ఈ కథ మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతుంది, చిక్కబడేకొద్దీ ముందుకు సాగుతుంది.

ఇక అసలు చిక్కంతా ద్రవ్యరాశి 18 దగ్గరే. నీటి అయాన్ ద్రవ్యరాశి 18.01, అమ్మోనియంది 18.03. 1986లో హేలీ తోకచుక్క దగ్గరికి వెళ్లిన జొట్టో నౌక పరికరాలకు ఈ రెండూ కలిసిపోయి కనిపించాయి. బెర్న్ విశ్వవిద్యాలయం నాయకత్వంలో తయారైన, రోజెట్టా మీది రోసినా పరికరాల్లోని డీఎఫ్ఎంఎస్ అనే స్పెక్ట్రోమీటర్ వాటిని విడదీయగలదు. 2015 ఆగస్టు 13న తోకచుక్క సూర్యుడికి అతి దగ్గరగా వచ్చింది. ఆ రోజుల స్పెక్ట్రా తెరిచి చూడు. కానీ ప్రోగ్రామ్ ఇచ్చిన అంకెను గుడ్డిగా నమ్మకు. డీఎఫ్ఎంఎస్ పీక్ ఒక్క గాసియన్‌తో (గంట ఆకారపు వక్రరేఖతో) సరిపోదు, అడుగున వెడల్పాటి రెండోది కూడా కలపాలి. పెద్ద పీక్ పక్కన చిన్న ఉబ్బు కనిపిస్తే, అది నిజంగా ఇంకో అయానా, లేక ఆ అడుగు భాగమేనా అని నీ కళ్లతో చూసి తేల్చుకో.

నౌక చార్జ్‌ను మరిచిపోవద్దు. రోజెట్టా చాలాకాలం మైనస్ పది, ఇరవై వోల్టుల దగ్గర ఉండేది. నెమ్మదిగా వచ్చే అయాన్లను అది తనవైపు లాక్కునేది. వాటి శక్తీ మారిపోయేది, వచ్చే దిక్కూ మారిపోయేది. అందుకే నౌక చార్జ్‌ను తెలిపే లాంగ్‌మ్యూర్ ప్రోబ్ డేటా పక్కన పెట్టుకోకుండా ఏ స్పెక్ట్రమూ చదవకు.

ఇంకో మాట. ఈ డీఎఫ్ఎంఎస్ ఒకసారికి ఒక్క ద్రవ్యరాశినే చూస్తుంది, ఒక్కోదానికి దాదాపు అర నిమిషం. అక్కడి ప్లాస్మా, అంటే అయాన్లూ ఎలక్ట్రాన్లూ కలిసిన వాయువు, సెకన్లలో మారిపోతుంది. కాబట్టి 18కీ, హైడ్రోనియం ఉండే 19కీ నిష్పత్తి కట్టేటప్పుడు అవి రెండూ ఒకే క్షణానివి కావని గుర్తుంచుకో. 18లోపలి నీటి అయాన్, అమ్మోనియం మాత్రం ఒకే స్పెక్ట్రమ్‌లో ఉంటాయి, ఆ పోలికకు ధైర్యంగా వెళ్లు. నేనైతే అక్కడే మొదలుపెడతాను.

డేటా అంతా యూరోపియన్ అంతరిక్ష సంస్థ ఆర్కైవ్‌లో ఉచితంగానే ఉంది. మొదటి ప్లాట్ గీయగానే నాకు పంపు. ముడి స్పెక్ట్రమ్ కూడా జతచెయ్యి, ఇద్దరం కూర్చుని చూద్దాం.

ఆశీస్సులతో,
మావయ్య