ఖాసదార్‌ను కలిసే ముందు

బిడ్డా,

మన ఖాసదార్, అంటే ఎంపీ, వచ్చే వారం సిరోంచకు వస్తున్నారని, మన రైతుల తరఫున నువ్వే మాట్లాడాలని ఊరంతా అన్నదని విని నా కడుపు నిండింది. ఫోన్‌లో అన్నీ చెప్పలేకపోయాను, అందుకే రాస్తున్నాను.

ముందు నేను చేసిన తప్పు విను. 2022 జూలై వరదలో మన పత్తి మునిగినప్పుడు ఒక నాయకుడు పరామర్శకు వస్తే అర్జీ ఇచ్చాను. పరిహారం, రోడ్డు, దవాఖాన, కరెంటు, బడి, ఊరి కష్టాలన్నీ ఒకే కాగితం మీద పెట్టాను. ఆయన తీసుకుని పక్క మనిషి చేతిలో పెట్టారు. నా దగ్గర నకలు లేదు, ముద్ర లేదు. ఆరు నెలల తర్వాత వెళ్లి అడిగితే "ఏ అర్జీ?" అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ ముల్లులా గుచ్చుకుంటుంది.

అందుకని ఈసారి ఒక్క సంగతే, మేడిగడ్డ బ్యారేజీ వల్ల మునిగిన భూముల పరిహారం. రోడ్డు గురించి వేరే కాగితం, వేరే రోజు.

ఎవరిని ఏం అడగాలో కూడా తేల్చుకోవాలి. గోదావరి మీద ఈ బ్యారేజీ కోసం మహారాష్ట్ర, తెలంగాణ 2016 ఆగస్టు 23న ఒప్పందం చేసుకున్నాయి. కట్టింది తెలంగాణ. ఇవతలి మహారాష్ట్ర గట్టున భూమి మనది. సేకరణ చూడాల్సింది గడ్చిరోలి కలెక్టర్ ఆఫీసు, డబ్బు రావాల్సింది నది అవతలి నుంచి. రెండు రాష్ట్రాల మధ్య ఇరుక్కున్న పని కాబట్టే తహసీల్ ఆఫీసు చుట్టూ ఎంత తిరిగినా తెగడం లేదు. ఆమదార్, అంటే ఎమ్మెల్యే, ముంబైలో, డిసెంబర్ సమావేశాలప్పుడు నాగపూర్‌లో అడగగలరు. రెండు రాష్ట్రాలనూ ఢిల్లీలో కేంద్రం ముందు నిలబెట్టి అడగాల్సింది మాత్రం ఖాసదారే.

"మీ నిధుల్లోంచి ఇప్పించండి" అని ఎవరైనా అంటే అక్కడే ఆపు. ఎంపీ నిధి ఏడాదికి 5 కోట్లు. ఆయన పనులు సూచిస్తారు, మంజూరు చేసేది జిల్లా యంత్రాంగం. పరిహారాలకు ఆ డబ్బు వాడకూడదు. ఆయన చేయలేని పని అడిగితే మన మాటే పలచనవుతుంది.

ఆయన్ను అడగాల్సింది లోక్‌సభలో ఒక ప్రశ్న. ఎన్ని హెక్టార్లు మునిగాయి, ఎంత మంది రైతులు, ఎంత చెల్లించారు, ఎంత బాకీ ఉంది? ఈ నాలుగు ముక్కలూ మనమే రాసి ఇవ్వాలి. ప్రశ్నకు కనీసం పదిహేను రోజుల ముందు నోటీసు ఇవ్వాలి కాబట్టి సమావేశాలు మొదలయ్యాక ఇస్తే ఆలస్యమవుతుంది. మంత్రి రాతపూర్వకంగా ఇచ్చిన జవాబు చేతిలో ఉంటే ఇక్కడి ఆఫీసులో మన మాటకు బరువు వస్తుంది. ఆ జవాబులు లోక్‌సభ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడవచ్చు.

కాగితాల విషయంలో చాలా జాగ్రత్త బిడ్డా. ఒక్కో రైతు సాత్‌బారా (భూమి హక్కు రాసిన 7/12 కాగితం), తలాఠీ (ఊరి రెవెన్యూ ఉద్యోగి) రాసిన పంచనామా, తేదీ ఉన్న ఫొటో ఉండాలి. పేర్లు మరీ జాగ్రత్తగా చూడు. మనం ఇంటిపేరు ముందు రాసుకుంటాం, మరాఠీలో చివర వస్తుంది. సాత్‌బారాలో ఒకలా, ఆధార్‌లో ఒకలా ఉంటే డబ్బు వచ్చినా ఖాతాలో పడదు. అర్జీ మరాఠీలో రాయించు. సంతకాలు పెట్టించే ముందు మాత్రం తెలుగులో చదివి వినిపించు. మన ముసలివాళ్లు ఏం రాశారో తెలియకుండానే వేలిముద్ర వేసిన రోజులు నేను చూశాను. అది మళ్లీ జరగకూడదు.

గుంపులో ఇవ్వకు. ఫొటో దిగాక పీఏను పట్టుకుని, రెండో ప్రతి మీద ముద్ర, ఆవక్ నంబర్ (అర్జీ అందినట్టు ఆఫీసు వేసే నంబర్) వేయించుకో. వేయకపోతే మరుసటి రోజు వాళ్ల ఆఫీసుకే వెళ్లు.

ఆయన చేసిన పనుల కరపత్రం కూడా పంచుతారు. శ్రద్ధగా చదువు. "పాఠ్‌పురావా చేశాం" అంటే ఉత్తరం రాశారని. "మంజూరు" అంటే కాగితం మీద ఉందని. టెండర్ వేరు, పూర్తవడం వేరు. ఆలాపల్లి రోడ్డు మీద తిరిగే మనకు ఈ తేడా ఎవరూ చెప్పక్కర్లేదు. నిజంగా జరిగిన పని కనిపిస్తే పేరు పెట్టి మెచ్చుకో, మనసులో దాచుకోకు. ఆమ్‌గావ్ నుంచి మన దాకా మూడు జిల్లాల్లో ఆరు అసెంబ్లీ స్థానాలు ఆయన చూసుకోవాలి. మనం గుర్తు చేయకపోతే మర్చిపోతారు. అందులో చెడ్డతనమేమీ లేదు. నెలకోసారి ఆవక్ నంబర్ వేసి ఉత్తరం పంపుతూ ఉండు.

టెన్షన్ పడకు. మాట తడబడినా కాగితం సరిగా ఉంటే చాలు. మరాఠీ ప్రతి తయారయ్యాక ముందు నాకు వాట్సాప్‌లో పంపు. గట్ నంబర్లు (భూమి సర్వే నంబర్లు) సాత్‌బారాలతో నేను ఒక్కొక్కటి సరిచూస్తాను.

నీ పెద్దబాపు