కారం ఖాతా నిలబడాలంటే: మేనకోడలికి ఒక లేఖ

అమ్మాయీ,

మొన్న ఫోనులో నీ గొంతు విన్నప్పటి నుంచి మనసు కుదురుగా లేదు. రెండేళ్లుగా నెలనెలా నీ దగ్గర కారం తీసుకుంటున్న హోటలువారు, కిలోకు ఐదు రూపాయలు తక్కువకు ఇచ్చేవారు దొరికారని మానేశారన్నావు. "నేనూ తగ్గించనా మామయ్యా?" అని అడిగావు. తగ్గించకు. ముప్పై ఏళ్లు గుంటూరు యార్డులో మిర్చి కొని పచ్చళ్ల తయారీదారులకూ హోటళ్లకూ పంపినవాణ్ని. ఐదు రూపాయల కోసమే వెళ్లిపోయిన ఖాతాను, అంటే నెలనెలా కొనేవారిని, నేను చూడలేదు. అంతకు ముందే ఎక్కడో మనసు విరిగి ఉంటుంది. ధర వాళ్లకు దొరికిన సాకు.

ఇంటికి కొనేవారు వేరు, వ్యాపారానికి కొనేవారు వేరు. ఇంట్లో కారం ఘాటు తగ్గితే ఇంకో అర చెంచా వేసుకుంటారు. హోటలులో అలా కాదు. వంటమాస్టరు చేతికి ఒక కొలత అలవాటై ఉంటుంది. ఘాటైన తేజ రకం మిర్చికి అలవాటుపడిన చేతికి, రంగే తప్ప ఘాటు అంతగా లేని బ్యాడిగి రకం వాటా చెప్పకుండా పెంచిన పొడి పంపావనుకో. రంగు బ్రహ్మాండంగా ఉంటుంది, కూర మాత్రం చప్పగా వస్తుంది. ఆ పూట యజమానితో మాటపడేది అతను. అతను మాటపడిన రోజే మన ఖాతా సగం పోయినట్టు.

నా సంగతి ఒకటి చెబుతాను. ఒక వేసవిలో ఆవకాయ పెట్టేవారికి లోడు పంపాలి. బస్తా మూతి విప్పి చెయ్యి పెడితే కాయ గలగలలాడలేదు, మెత్తగా అణిగింది. తేమ ఎక్కువని అప్పుడే తెలిసింది. ఎండుమిర్చిలో తేమ పది, పన్నెండు శాతం దాటితే నిల్వకూ పనికిరాదు, పొడికీ పనికిరాదు. తెలిసి కూడా, అదును దాటిపోతుందన్న తొందరలో లారీ ఎక్కించాను. మూడో రోజు ఫోను వచ్చింది, పొడి ఉండలు కడుతోందని. అప్పటికే వాళ్లు మామిడికాయలు కొట్టించి, ముక్కలు తుడిచి గుడ్డల మీద ఆరబెట్టి ఉన్నారు. కొట్టిన ముక్క మన కోసం ఆగదు కదా! ఆ రాత్రి ఊరంతా తిరిగి, దొరికిన చోట దొరికిన ధరకు కారం తెచ్చుకున్నారు. డబ్బు తిరిగి ఇచ్చాను. తీసుకున్నారు, మళ్లీ రాలేదు. లోడు ఎత్తే ముందే "సరుకు బాగాలేదు, వేరే చోట చూసుకోండి" అని చెప్పి ఉంటే ఆ ఒక్క లోడే పోయేది. ఇప్పటికీ తలచుకుంటే గుండె కలుక్కుమంటుంది.

అందుకే చెబుతున్నాను, చెడు కబురు వాళ్లు కనిపెట్టక ముందే నీ నోటితో చెప్పు. లారీ ఆలస్యమైతే వాళ్లు ఫోను చేసే దాకా ఆగకు. వేసవిలో యార్డుకు సెలవులిచ్చే సంగతి నీకు తెలుసు, వాళ్లకు గుర్తుండదు. ఏప్రిల్‌లోనే ప్రతి ఖాతాకూ ఫోను చేసి ఎంత కావాలో అడిగి, కోల్డ్ స్టోరేజీలో పక్కన పెట్టించు. పంపిన ప్రతి లోడు నుంచి గుప్పెడు పొడి కవరులో వేసి, తేదీ, బస్తాల లెక్క రాసి దాచు. ఫిర్యాదు వస్తే ఆ కవరు తీసుకుని నువ్వే వెళ్లు. వాదించడానికి కాదు, పక్కపక్కన పెట్టి ఇద్దరూ చూడటానికి. తప్పు మనదైతే బిల్లు మాట తర్వాత, ముందు మంచి సరుకు దింపు.

కాగితాలనూ చిన్నచూపు చూడకు. బిల్లులో వాళ్ల జీఎస్టీ నంబరు 15 అక్షరాల్లో ఒక్కటి తప్పినా వాళ్లకు రావలసిన పన్ను జమ ఆగిపోతుంది. నెలనెలా రిటర్ను వేసేదానివి కాబట్టి, 11వ తేదీలోగా నీ అమ్మకాల రిటర్ను వెయ్యి. ఇవి పట్టించుకునే సరఫరాదారును వాళ్ల అకౌంటెంటు వదలనివ్వడు, ఇది నేను కళ్లారా చూశాను. బాకీ గడువు కూడా మొదటి లోడుకు ముందే కాగితం మీద రాయించుకో. నువ్వు మిల్లు పెట్టి ఆడించేదానివి, చిన్న పరిశ్రమలకు ఇచ్చే ఉద్యమ్ నమోదు ఉంది. చట్టం ప్రకారం ఆ గడువు 45 రోజులు దాటకూడదు. ముందే రాసుకున్నది అడిగితే ఎవరూ నొచ్చుకోరు.

సోమవారం మధ్యాహ్నం మూడింటికి సిద్ధంగా ఉండు, భోజనాల హడావుడి తగ్గే వేళ ఆ హోటలుకు ఇద్దరం వెళ్దాం. ధర ఊసెత్తకు. వంటమాస్టరును కలిసి, ఈమధ్య మన కారంతో ఏ పూట ఇబ్బంది పడ్డాడో అడుగుదాం. గత ఆరు నెలల కవర్లు ఉంటే సంచీలో వేసుకో.

మీ మామయ్య