ఉంగరం మళ్లీ రాయి

నల్లగొండ

తమ్ముడూ,

నీ బ్యాంకాక్ వ్యాసం రెండుసార్లు చదివాను. పట్టాయా సముద్రం మీద రాసిన రెండు పేజీలూ తీసెయ్. నాకు పట్టింది నీలం రాయి ఉంగరం గొడవ. దాన్నేమో ఎనిమిది వాక్యాల్లో ముగించి, చివర్లో థాయ్ వ్యాపారులను మోసగాళ్లని తిట్టి చేతులు దులుపుకున్నావు.

ఉంగరం కొన్న ఆ షాపుకు నువ్వు పోలేదు, నిన్ను తీసుకుపోయారు. నాలుగో రోజు పొద్దున బస్సు అక్కడ ఆగాలని, నువ్వు ఇక్కడ ప్యాకేజీ డబ్బులు కట్టక ముందే ఖాయమైంది. టూరు అంత చౌకగా ఎట్లా వచ్చిందని అడిగావా? అయిన ఖర్చు కంటే తక్కువకు టూరు అమ్మి, ఆ లోటును షాపులిచ్చే కమీషన్లతో పూడ్చుకునే పద్ధతి ఒకటి ఉంది. జీరో డాలర్ టూర్ అంటారు. చైనా 2013లో చట్టం తెచ్చి బలవంతపు షాపింగును నిషేధించింది. 2016లో థాయ్‌లాండ్ ప్రభుత్వం కూడా ఇలాంటి కంపెనీల వెంట పడింది. నీ టూరు అట్లాంటిదేనని నేననను. కానీ ఈ లెక్క తెలిస్తే, నీ ఉంగరం ధరలో ఎవరి వాటా ఎంతో అన్న అనుమానమైనా వచ్చేది.

తలుపు దగ్గర ఒకమ్మాయి అందరి చొక్కాలకూ స్టిక్కర్ అంటించిందన్నావు. రాసి వదిలేశావు! దాని మీద ఏముంది? నంబరా, రంగా? ఏ గైడు తెచ్చిన గిరాకీయో కౌంటర్లో తెలియాలి కదా. లోపల ముందు రాళ్లు సానబట్టేవాళ్లను చూపించారు, తర్వాత చల్లటి హాలు, చేతికి కూల్‌డ్రింకు, హిందీలో పలకరింపు. బయటపడే దారి మళ్లీ కౌంటర్ల మధ్య నుంచే. ఆ నడక అడుగడుగూ రాయాలి. అంతసేపూ గైడు బయట ఏం చేస్తున్నాడో కూడా. చాలామంది గైడ్లకు కమీషనే కూడు, అతన్ని తిట్టే ముందు అదీ చూసుకో.

పరాయి దేశం సంగతే అనుకోకు. మన పోచంపల్లిని ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ 2021లో ఉత్తమ పర్యాటక గ్రామాల్లో చేర్చింది. వచ్చినవాళ్లు మగ్గం ముందు నిలబడి ఫొటో దిగుతారు. ఒక్క చీరకు వేలసార్లు చెయ్యి ఆడించి ఆసు పోసిన (నేతకు ముందు నూలును మేకుల చుట్టూ తిప్పిన) ఆడవాళ్ల భుజం నొప్పి ఏ ఫొటోలోనూ పడదు.

కొన్నేళ్ల కింద అమెరికా చుట్టాలను అక్కడ ఒక షాపుకు నేనే తీసుకుపోయాను. మూడు చీరలు కొన్నారు. వాళ్లు కారెక్కుతుంటే షాపతను నన్ను పక్కకు పిలిచి, మడిచిన ఐదు వందల నోట్లు రెండు నా జేబులో పెట్టాడు. "మళ్లీ పట్టుకురా అన్నా" అన్నాడు. డ్రైవరనుకున్నాడు. తిరిగిచ్చేద్దామని చెయ్యి జేబు దాకా పోయింది. ఇవ్వలేదు. చౌటుప్పల్ దగ్గర చాయ్ బిల్లు అందులోంచే కట్టాను. "మీకెందుకండీ శ్రమ" అని చుట్టాలు మొహమాటపడ్డారు కూడా.

ఇది ఇప్పటిదాకా ఎక్కడా రాయలేదు. నువ్వు ఉంగరం సంగతి మళ్లీ రాసి పంపు. ఈసారి ఎంతకు కొన్నావో వెయ్యి. ఇంట్లో అమ్మకు ఎంతని చెప్పావో అది కూడా.

మీ అన్న