గాలికి పోయిన డ్రోన్ ఎక్కడ వెతకాలె?

ప్రశ్న: అన్నా నమస్తే. మాది దేవరకొండ దగ్గర పల్లె. రెండేండ్లు పైసలు జమ చేసి 249 గ్రాముల చిన్న డ్రోన్ కొనుక్కున్న. పోయిన ఆదివారం సాయంత్రం మొగులు వట్టి ఖిల్లా గుట్టలు మస్తు కనవడుతున్నయని మా పత్తి చెల్క కాడి నుంచి లేపిన. తూర్పు దిక్కు 600 మీటర్లు పోయింది, ఎత్తు 50 మీటర్లు, కింద నా కాడ గాలి పెద్దగ లేకుండె. ఫోన్ల గాలి ఎక్కువున్నదని వార్నింగ్ రాంగనే భయమై, డ్రోన్ తనంతట తనే వాపస్ వచ్చే రిటర్న్ టు హోమ్ బటన్ నొక్కిన. అది ఇటు రాకుండ ముందు పైకి 100 మీటర్లకు లేచింది, ఇగ దూరం 650, 700 అనుకుంట పెరుగుడే గని తగ్గలె. నాలుగు నిమిషాలు అట్లనే చూసుకుంట నిలవడ్డ. ఆఖరికి 1,480 మీటర్లు, బ్యాటరీ 11 శాతం కాడ స్క్రీన్ నల్లగైంది. నేను, మా బాపు రెండు దినాలు తిరిగినం, దొరకలె. కంపాస్ ఖరాబై ఎటన్న పోయిందా? దొరుకుతదన్న ఆశ ఉన్నదా? ఇంట్ల మా అమ్మ మొఖం చూడబుద్ధయితలేదు.
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: తమ్ముడూ, ముందుగాల ఆగం గాకు. నువ్వు రాసిన అంకెలు నాలుగు సార్లు చదివిన. నీ డ్రోన్ ఖరాబు కాలె, కంపాస్ కూడ మంచిగనే ఉన్నట్టుంది, అది ఆఖరి దాక నీ దిక్కే రావాలని కొట్లాడింది, గాలే దాన్ని ఎనుకకు నూకింది. ఈ మాట ముందే ఎందుకు చెప్తున్ననంటే కంపాస్ పోయిన డ్రోన్ ఎటువడితే అటు పోతది, గాలికి పోయిన డ్రోన్ గాలి పోయిన తొవ్వల్నే పోతది, అంటే వెతకనీకి మనకు ఒక గీత దొరికినట్టే.

లెక్క చూడు. నాలుగు నిమిషాలల్ల 600 నుంచి 1,480 కి పోయింది, అంటే 880 మీటర్లు, సెకనుకు మూడున్నర మీటర్ల పైన ఎనుకకు జరిగింది. ఈ సైజు డ్రోన్లు నార్మల్ మోడ్‌ల సెకనుకు 10 మీటర్ల దాకనే ఉరుకుతయి. 10 మీటర్ల దమ్ముతోని ఎదురు నడుస్తున్నా ఎనుకకే పోతున్నదంటే పైన గాలి సెకనుకు 13, 14 మీటర్లు ఉన్నట్టు, గంటకు చెప్పాలంటే 50 కిలోమీటర్ల దగ్గర. ఈ తేలిక డ్రోన్లు తట్టుకునేది గంటకు 38 కిలోమీటర్ల లోపల గాలినే.

మరి కింద నీకు ఎందుకు తెల్వలే అంటే, నేల మీద చేన్లు, యాప చెట్లు, ఇండ్లు, కట్టలు అన్నీ గాలిని పట్టి ఆపుతయి, పైకి పోయిన కొద్దీ ఆపేటివి ఉండయి. దానికి తోడు మీ కాడ గుట్టలు. గాలి గుట్ట మీదికి ఎక్కేటప్పుడు జోరు అందుకుంటది, అవతలి దిక్కు దిగేటప్పుడు సుడులు తిరుగుతది. నువ్వు 50 మీటర్ల మీద వార్నింగ్ చూసి రిటర్న్ నొక్కినవు, నీ తప్పేం లేదు, ఎవరైనా అదే నొక్కుతరు. కని రిటర్న్ బటన్‌కు గాలి సోయి లేదు, సెట్టింగ్‌ల 100 మీటర్లు అని ఉంటే చెట్లకు, టవర్లకు తగలొద్దని ముందు 100కు లేస్తది, అట్ల లేచి ఇంకింత పెద్ద గాలిల పడుతది. నాకు బాధయ్యేది ఇదే, కొన్నప్పుడు ఈ ముక్క ఎవ్వరూ చెప్పరు.

ఇగ వెతుకుడు సంగతి. డ్రోన్ యాప్‌ల ఫ్లైట్ రికార్డ్ అని ఉంటది, ఫోన్‌లనే దాచుకుంటది, అది తెరిచి ఆఖరి పాయింట్ మ్యాప్‌ల పెట్టుకో. నువ్వు లేపిన జాగ నుంచి ఆ పాయింట్ మీదికెళ్లి ఒక గీత గీసి, దాన్ని ఇంకా తూర్పుకు పొడుగు చెయ్యి. స్క్రీన్ నల్లగైనంక కూడ 11 శాతం బ్యాటరీతోని అది ఇంకో రెండు మూడు నిమిషాలు పైననే ఉండి ఉంటది, ఆ తర్వాత చాలా మోడళ్లు ఉన్నకాడనే దిగనీకి చూస్తయి. అదే స్పీడున ఎనుకకు జరిగితే ఇంకో 450 నుంచి 650 మీటర్లు. కిందికి దిగిన కొద్దీ గాలి తగ్గుతది కాబట్టి అంతకంటే దగ్గర్ల కూడ పడి ఉండొచ్చు. మీరిద్దరు ఆఖరి పాయింట్ చుట్టే రెండు దినాలు తిరిగిన్రేమో అని నా అనుమానం. ఆ పాయింట్ నుంచి ముందుకు 700 మీటర్లు, గీతకు అటు వంద ఇటు వంద, ఇదీ నీ జాగ.

పడ్డ పొద్దు అయితే రిమోట్ పట్టుకొని దగ్గరికి పోయి ఫైండ్ మై డ్రోన్ నొక్కితే పీపీమని మోగేది, లైట్లు ఆరుకుంట వెలుగుకుంట ఉండేది. ఇప్పుడు బ్యాటరీ అయిపోయి ఉంటది కాబట్టి ఇగ కండ్లతోని వెతుకుడే. బూడిద రంగు డ్రోన్ నేల మీద అస్సలు కనవడదు. పొద్దుగాల 7 లోపల, లేకపోతే పొద్దుమీకి పో, ఎండ ఏటవాలుగ ఉన్నప్పుడు రెక్కల నీడ కనవడుతది. తాటి చెట్ల మట్టలు, తుమ్మ కొమ్మలు చూడు, చేను గట్లు చూడు, బావులు చూడు. అన్నిటికంటే ముందు ఆ దిక్కు పత్తిల కలుపు తీసే అక్కలకు, గొర్లు మేపే పెద్దమనుషులకు చెప్పు, ఫోన్‌ల ఫోటో చూపియ్యి, నీ నంబర్ ఇయ్యి, దొరికితే ఇనాం ఇస్తనని చెప్పు. వాళ్లు ఒక్కొక్క సాలు నడుస్తరు, మనం తొవ్వ మీదికెళ్లి చూసి వస్తం.

నా డ్రోన్ కూడ పానగల్లు దగ్గర, ఉదయసముద్రం చెరువు అవతల గిట్లనే పోయింది. మూడు దినాలు చెరువు కట్ట పొంటి తిరిగి నీళ్లల్ల పడ్డదని ఆశ ఇడిసిపెట్టిన. ఆరో దినం ఒక గొర్ల కాపరి ఫోన్ చేసిండు. బత్తాయి తోటల, రెండు కొమ్మల సందున ఇరుక్కొని ఉన్నది, ఒక రెక్క సగానికి ఇరిగింది, కెమెరా మీద ఎర్ర చీమలు బారుకట్టినయి. డ్రోన్ కడుపు కింద స్టిక్కర్ మీద నా నంబర్ రాసిన కాబట్టి ఆయన చెయ్యగలిగిండు. దొరికినంక నువ్వు కూడ ఆ పని ఫస్ట్ చెయ్యి. డ్రోన్ పోయిందని పోలీస్ స్టేషన్‌ల ఒక కాగితం రాసిచ్చి పెట్టు, రేపు ఎవరికన్న దొరికి అనుమానం వడితే నీ దగ్గర రుజువు ఉంటది.

మళ్ల ఎగరేసే రోజు చెట్లను చూడు. ఆకులు, సన్న రెమ్మలు ఆగకుండ కదులుతుంటే ఎగరేయొచ్చు. దుమ్ము, కాగితాలు లేస్తుంటే దూరం పంపకు. చిన్న చెట్లు మొత్తం ఊగుతున్నయంటే అది ఈ డ్రోన్ తట్టుకునే ఆఖరి గాలి, అంటే బయటికి తియ్యకు. వానాకాలంల మనకు గాలి పడమర నుంచే వస్తది, కాబట్టి ముందు పడమరకే పంపాలె, బ్యాటరీ నిండ ఉన్నప్పుడు గాలికి ఎదురు పోతది, వచ్చేటప్పుడు గాలే తోలుకొస్తది. నువ్వు గాలి పోయే దిక్కే పంపినవ్ కద, పోనీకి అల్కగ ఉంటది, వచ్చుడే కష్టం. గాలి సెకనుకు 8 మీటర్లు ఉంటే నీకు మిగిలే దమ్ము 2 మీటర్లే, కిలోమీటర్ రానీకి 8 నిమిషాల పైన వడుతది.

ఎప్పుడన్న మళ్ల దూరం పెరుగుడు కనవడితే రిటర్న్ క్యాన్సిల్ చేసి, అడ్డం ఏమీ లేకుంటే 20, 30 మీటర్ల ఎత్తుకు దించి, స్పోర్ట్ మోడ్‌ల పెట్టి ముక్కు నీ దిక్కు తిప్పి లాగు. స్పోర్ట్‌ల చాలా మోడళ్లు సెకనుకు 16 మీటర్ల దాక పోతయి. అప్పటికీ రాకుంటే వీడియో వస్తున్నప్పుడే ఖాళీ చెల్కల దించెయ్యి, నడిచి పోయి తెచ్చుకో. ఏడ దిగిందో తెలిస్తే పోయినట్టు కాదు కద. దొరికితే ఒక ఉత్తరం రాయి తమ్మీ, అమ్మకు నా నమస్తే చెప్పు.

ప్రశ్న: మా చెల్లె పెండ్లికి 249 గ్రాముల డ్రోన్ ఎగరేయనీకి లైసెన్స్ కావాల్నా?
– ఒక పాఠకురాలు, మహబూబ్‌నగర్

జవాబు: 2021 డ్రోన్ రూల్స్ లెక్కన 250 గ్రాముల దాక ఉన్నది నానో డ్రోన్, దానికి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదమ్మా. డ్రోన్ల కోసం సర్కారు పెట్టిన డిజిటల్ స్కై వెబ్‌సైట్ మ్యాప్‌ల మీ ఫంక్షన్ హాల్ జాగ గ్రీన్ జోన్, అంటే పర్మిషన్ లేకుండ ఎగరేయగల జాగ, అవునో కాదో చూసుకో, గ్రీన్ అయితే 400 అడుగుల దాక, అంటే 120 మీటర్లు. జనం నెత్తి మీదికెళ్లి మాత్రం తిప్పొద్దు, తలంబ్రాలు పోసేటప్పుడు పసిపిల్లలుంటరు.

ప్రశ్న: సోమశిల కాడ గాలికి డ్రోన్ కృష్ణల పడ్డది, చేపలు పట్టేటాయన వల వేసి తీసిండు. బియ్యం డబ్బల పెట్టి ఆరవెట్టిన, ఛార్జింగ్ పెట్టొచ్చా?
– ఒక పాఠకుడు, కొల్లాపూర్

జవాబు: వద్దు, పెట్టకు. లిథియం బ్యాటరీలకు నీళ్లు పోతే లోపల షార్ట్ అయి మంట లేవొచ్చు, అప్పుడే కాకున్నా తర్వాత అన్న లేవొచ్చు. ఆ బ్యాటరీ తీసి ఇంటి బయట ఇసుక పోసిన డబ్బల పెట్టు, ఉబ్బితే ముట్టుకోకు, మళ్ల వాడకు. డ్రోన్ ఆన్ చెయ్యకుండ సర్వీస్ సెంటర్‌ల చూపియ్యి. మెమరీ కార్డు తీసి మంచినీళ్లతోని కడిగి రెండు దినాలు నీడకు ఆరవెట్టు, వీడియోలు చాలా వరకు బతికే ఉంటయి.