ఎంబీఏ కాలేజీలో ఉంటూ పనికొచ్చే రీసెర్చ్ చేయొచ్చా? ఎనుమాముల మార్కెట్‌లో నాకు తెలిసివచ్చింది

మీ ప్రశ్న: "హన్మకొండలో ఎంబీఏ కాలేజీలో కొత్తగా చేరాను. ప్రమోషన్ పేపర్ల కోసం కాకుండా, ఇక్కడి వాళ్లకు ఉపయోగపడే పరిశోధన తోటి అధ్యాపకులతో కలిసి చేయాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?"

నేను ఎక్కడ మొదలుపెట్టానో చెబుతాను, మీరు మాత్రం అక్కడ మొదలుపెట్టకండి.

నేను మార్కెటింగ్ చెబుతాను. చేరిన కొత్తలో వరంగల్‌లోని ఎనుమాముల వ్యవసాయ మార్కెట్‌కు వచ్చే మిర్చి రైతుల సంతృప్తి మీద 40 ప్రశ్నల ఫారం తయారుచేసి విద్యార్థుల చేతికిచ్చాను. వారం తిరక్కుండా 200 ఫారాలు వచ్చేశాయి. మురిసిపోయాను. తీరా చూస్తే చాలా ఫారాల్లో ఒకటే చేతిరాత. హాస్టల్లో కూర్చుని నింపేశారు! పిల్లల్ని ఏమనగలం? మార్చి ఎండలో బస్తాల పక్కన నిలబడ్డ రైతుకు "అంగీకరిస్తున్నాను", "పూర్తిగా అంగీకరిస్తున్నాను" మధ్య తేడా చెప్పుకుంటూ కూర్చునే ఓపిక ఎవరికుంటుంది?

మరుసటి సీజన్‌లో ఫారం లేకుండా నేనే వెళ్లాను. ఘాటుకు తుమ్ములు తప్ప మొదటి రెండు రోజులు ఏమీ దొరకలేదు. మూడో రోజు ఒక పెద్దమనిషి నన్నే అడిగాడు: "సారూ, ఇయ్యాల అమ్ముకోవాల్నా, కోల్డ్ స్టోరేజీల పెట్టుకోవాల్నా? నీ చదువుల గిది చెప్పరా?" నిజం చెప్పొద్దూ, నా దగ్గర జవాబు లేదు.

ఆ ప్రశ్నే పట్టుకుని కాలేజీకి వచ్చాను. నేను ధరల గురించే ఆలోచిస్తుంటే, ఫైనాన్స్ చెప్పే సహోద్యోగి "ముందు అప్పు సంగతి చూడు" అన్నారు. కాగితం మీద లెక్క వేశారు. క్వింటాకు 15,000 పలికే సరుకు అనుకుందాం. రైతు అంత మొత్తానికీ నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీ కడుతుంటే, ఆరు నెలలు ఆగినందుకు వడ్డీయే 1,800. స్టోరేజీ కిరాయి, హమాలీ, ఎండి తగ్గే తూకం వేరే. అంటే ధర 17,000 అయినా మిగిలేది పెద్దగా ఉండకపోవచ్చు. పైగా పెట్టుబడి ఇచ్చిన అడ్తీదారు (కమీషన్ ఏజెంటు) దగ్గరే సరుకు దించాల్సిన రైతుకు ఆగడం అనేది అతని చేతిలో ఉండదు. నా 40 ప్రశ్నల్లో అప్పు మీద ఒక్కటీ లేదు.

కలిసి పనిచేయడం అంటే ఇదేనని నాకు అప్పుడు అర్థమైంది. అంతకుముందు మా దగ్గర "కలిసి" అంటే ఒకరు రాసిన పేపర్‌లో ముగ్గురి పేర్లు!

స్టాటిస్టిక్స్ మేడమ్ ఇంకో తప్పు పట్టుకున్నారు. నేను దినపత్రికలో వచ్చే జెండా పాట (వేలం) ధరను రాసుకుంటున్నాను. అది ఆ రోజు మేలైన సరుకుకు పలికిన ధర. తాలు కలిసిన కాయకు, తేమ ఉన్న లాటుకు వచ్చేది వేరు. దాన్నే సగటు ధర అనుకుంటే లెక్క మొత్తం తప్పుతుంది. అందుకే రైతులు ఒప్పుకున్నంత వరకు వాళ్ల తక్‌పట్టీలే (సరుకు అమ్మినప్పుడు ఇచ్చే చీటీలు) చూసి రాసుకున్నాం. పేర్లు రాసుకోలేదు; రాసుకుంటామంటే ఒక్కరూ చూపించేవారు కాదు.

రెండు సీజన్ల పని ఒక పేపరైంది. దానికంటే ముందే, ఎన్ని నెలలు ఆగితే ధర ఎంత పెరగాలో చూపే పట్టిక ఒకే పేజీలో, తెలుగులో వేసి పంచాం. ఒక అడ్తీదారు దాన్ని గోడకు అంటించుకున్నాడు. ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు, అతనికేమీ లాభం లేదు కదా!

ఒక విషయంలో మాత్రం గట్టిగా ఉండండి: ఎవరి పేరు ముందుంటుంది, డేటా ఎవరి దగ్గరుంటుంది అనేది మొదటి రోజే కాగితం మీద రాసుకోండి. మేం రాసుకోక, ఒక మంచి మిత్రుడితో ఏడాది మాటల్లేవు. జర్నల్ గురించి ఇప్పుడే టెన్షన్ వద్దు. ఏ జర్నల్స్ లెక్కకొస్తాయో చెప్పే కేర్ జాబితానే యూజీసీ 2025లో ఆపేసింది. డబ్బు తీసుకుని పది రోజుల్లో అచ్చేసే వాటికి మాత్రం దూరంగా ఉండండి.

మిర్చే చేయాలని లేదు. వరంగల్ కొత్తవాడలో నేసే దర్రీలకు (తివాచీలకు) 2018లో, వరంగల్ చపాటా మిర్చికి 2025లో జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చింది. దానివల్ల నేతన్న కూలి, రైతు ధర ఏమైనా మారాయా అన్నది మీ కాలేజీలో మార్కెటింగ్, అకౌంట్స్ వాళ్లు కలిసి చూడదగ్గ పని. మిర్చికే వస్తానంటే ఫిబ్రవరిలో రండి, పొద్దున్నే పాట మొదలవకముందే. మధ్యాహ్నం క్లాసులు పెట్టించుకోండి. కర్చీఫ్ మర్చిపోకండి.